తొమ్మిది ఆయుధాల ముష్టియుద్ధం: బర్మా లెత్‌వే విద్య, దాని విలువ

మయన్మార్ దేశపు సంప్రదాయ ముష్టియుద్ధానికి లెత్‌వే అని పేరు. గ్లవ్స్ తొడగకుండా, మణికట్టుకూ మెటికలకూ పలుచని గాజుగుడ్డ చుట్టి దానిపై టేపు అంటించుకుని యోధులు బరిలోకి దిగుతారు. రెండు పిడికిళ్లు, రెండు మోచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాలతో పాటు తలను కూడా ఆయుధంగా వాడుకోవడానికి నియమాలు అనుమతిస్తాయి కాబట్టి దీనిని తొమ్మిది అంగాల యుద్ధకళగా వర్ణిస్తారు. థాయిలాండ్ దేశపు మువాయ్ థాయ్, కంబోడియా దేశపు ప్రదాల్ సెరే, లావోస్‌లోని ముష్టియుద్ధం ఒకే ప్రాంతంలో పెరిగిన దగ్గరి చుట్టాల వంటివే అయినా, తలతో కుమ్మడాన్ని నేటికీ పోటీ నియమాలలో నిలుపుకున్నది లెత్‌వే ఒక్కటే.

ఈ క్రీడను మొదటిసారి చూసేవారి దృష్టి సహజంగానే రక్తం మీద, తలపోట్ల మీద నిలుస్తుంది. అయితే లెత్‌వే స్వరూపాన్ని నిర్ణయించేది తలపోటు కంటే కూడా గెలుపోటములను తేల్చే పద్ధతి. సంప్రదాయ నియమాల ప్రకారం ఈ పోటీలో పాయింట్లు ఉండవు, న్యాయనిర్ణేతలు మార్కులు వేయరు. మూడేసి నిమిషాల చొప్పున ఐదు రౌండ్లు జరుగుతాయి, రౌండ్ల మధ్య రెండు నిమిషాల విరామం ఉంటుంది. ఎదుటివాడు లేవలేని స్థితికి వచ్చినప్పుడో, పోరు కొనసాగించలేక తప్పుకున్నప్పుడో, రిఫరీ ఆపినప్పుడో మాత్రమే విజేత తేలతాడు. ఐదో రౌండు ముగిసేసరికి ఇద్దరూ కాళ్లమీద నిలబడి ఉంటే, ఎవరు ఎన్ని దెబ్బలు కొట్టినా, ఎవరు ఎంత వెనుకబడినా, ఫలితం డ్రాయే. లెత్‌వే యోధుడి నిలుచునే తీరు, కొట్టే తీరు, ఓర్చుకునే తీరు అన్నీ ఈ ఒక్క నియమం చుట్టూ అల్లుకున్నవే.

లెత్‌వే పుట్టుకను పగాన్ రాజ్య కాలం దాకా తీసుకువెళ్లే సంప్రదాయం ఆ దేశంలో బలంగా ఉంది. 1767లో అయుత్తయ నగరం బర్మా సైన్యాల చేతిలో పతనమైన తరువాత బందీగా వచ్చిన నాయ్ ఖనోమ్ తోమ్ అనే సియామీ యోధుడు 1774లో బర్మా రాజు ఎదుట అక్కడి ముష్టియోధులను వరుసగా ఓడించాడన్న కథను థాయ్ ప్రజలు నేటికీ చెప్పుకుంటారు. ఆ కథలో చరిత్ర ఎంత, ఐతిహ్యం ఎంత అన్న చర్చ ఎలా ఉన్నా, రెండు దేశాల ముష్టివిద్యలు ఒకదానినొకటి చూసుకుంటూ, తాకుతూ పెరిగాయనడానికి అది మంచి సూచిక. 1824 నుంచి 1885 వరకు జరిగిన మూడు యుద్ధాలలో బర్మా బ్రిటిష్ పాలన కిందికి వచ్చి రాజాస్థానం అంతరించిన తరువాత కూడా, ఆగ్నేయ దిక్కున ఉన్న కయిన్, మోన్ ప్రాంతాల పల్లెలలో ఈ విద్య బతికింది. నేటి ప్రసిద్ధ యోధులలో ఎందరో ఆ ప్రాంతాలవారే కావడం యాదృచ్ఛికం కాదు.

1948 జనవరి 4న దేశం స్వతంత్రమైన తరువాత లెత్‌వేను ఆధునిక క్రీడగా మలచిన వ్యక్తిగా చా బా న్యేన్ పేరు చెబుతారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో బర్మా తరఫున బాక్సింగ్‌లో పాల్గొన్న ఈయన, ఆ అనుభవంతో తిరిగి వచ్చి కయిన్, మోన్ పల్లెల్లోని పాత పద్ధతులను పరిశీలించి, యువకులకు శిక్షణ ఇచ్చి, పోటీకి రాతపూర్వకమైన నియమాలను కూర్చడానికి కృషి చేశాడు. ఇసుక నేలమీద జరిగే పోరు తాళ్లు కట్టిన చదరపు బరిలోకి రావడం, రౌండ్లకూ విరామాలకూ కాలపరిమితి ఏర్పడడం ఈ మార్పులో భాగమే. ఒలింపిక్ బాక్సింగ్‌ను దగ్గరగా ఎరిగిన మనిషి చేయి వేసిన తరువాత కూడా లెత్‌వేలోకి గ్లవ్స్ గానీ మార్కులు గానీ రాలేదన్న సంగతి గమనించదగినది.

లెత్‌వేకు ఒక రుతువు ఉంది. బౌద్ధ భిక్షువులు ఒకేచోట ఉండి వర్షావాసం పాటించే మూడు నెలలు, అంటే వాసో పౌర్ణమి నుంచి అక్టోబరు ప్రాంతంలో వచ్చే తడింజు పౌర్ణమి వరకు, బర్మా పల్లెల్లో పెళ్లిళ్లూ వేడుకలూ తగ్గుతాయి, వానలవల్ల ఆరుబయట బరి వేయడమూ కుదరదు. తడింజు దీపాల పండుగతో ఆ కాలం ముగిసి, పంట చేతికి వచ్చి, పగోడా ఉత్సవాలు ఒకదాని వెంట ఒకటి మొదలైనప్పుడు లెత్‌వే పోటీలు కూడా ఊపందుకుంటాయి. చలికాలంలో వచ్చే కయిన్ నూతన సంవత్సరం, జనవరి 4 నాటి స్వాతంత్ర్య దినం, ఫిబ్రవరి 12 నాటి యూనియన్ దినం వంటి సందర్భాలు దాటి, ఏప్రిల్‌లో వచ్చే తింజాన్ నీళ్ల పండుగ వరకు ఈ సందడి సాగుతుంది. అందువల్ల పల్లె ప్రేక్షకుడికి లెత్‌వే అంటే టికెట్టు కొని చూసే వినోదం మాత్రమే కాక తన ఊరి ఉత్సవంలో ఒక అంగం కూడా.

బరిలోకి అడుగుపెట్టిన యోధుడు మొదట చేసేది లెఖమౌన్ అనే సైగ. ఎడమచేతిని ఛాతీ మీదుగా మడిచి, కుడి అరచేతితో ఆ చేతిని ఫట్ ఫట్‌మని చరచడం దీని రూపం. జబ్బ చరచి సవాలు విసిరే మల్లుల వర్ణనలతో పరిచయం ఉన్న తెలుగు పాఠకులకు ఈ సైగ భావం వివరించనక్కర లేకుండానే అర్థమవుతుంది. పోరు మధ్యలో కూడా, బలమైన దెబ్బ తిన్న యోధుడు అది తనను కుంగదీయలేదని చాటడానికి మళ్లీ చేయి చరుస్తాడు. దీనికి తోడుగా పోరుకు ముందు లెత్‌వే యే అనే లయబద్ధమైన నృత్యం ఉంటుంది, గెలిచినవాడు పోరు తరువాత దానినే మళ్లీ చేస్తాడు. సన్నాయిని పోలిన హ్నె అనే వాద్యం, డోళ్లు, తాళాలు, వెదురు చెక్కలు కలిసిన మేళం బరి పక్కనే కూర్చుని, పోరు వేగాన్ని బట్టి తన వేగాన్ని మార్చుకుంటూ ఆసాంతం వాయిస్తుంది.

లెత్‌వే పద్ధతులను అర్థం చేసుకోవాలంటే ముందుగా పిడికిలిని గమనించాలి. మనిషి చేతిలో 27 చిన్న ఎముకలు ఉంటాయి, అవి పుర్రె ఎముకంత గట్టివి కావు. మెత్తని గ్లవ్ ఉన్న బాక్సర్ నుదుటి మీద, నడినెత్తి మీద ఎన్నిసార్లు కొట్టినా చేతికి పెద్దగా ప్రమాదం ఉండదు. వట్టి చేతితో అదే పని చేస్తే చిటికెన వేలి వెనుక ఉండే ఎముక విరిగే అవకాశం ఎక్కువ. అందుచేత లెత్‌వే యోధుడు తన పిడికిలిని పొదుపుగా వాడుతూ, దవడ, కణత, డొక్కలు, కాలేయం ఉన్న కుడి పక్క వంటి చోట్లను ఎంచుకుని కొడతాడు. గ్లవ్స్ ఉంటే ముఖానికి డాలులా అడ్డుపెట్టుకోవచ్చు. వట్టి చేతుల మధ్య ఆ సౌకర్యం లేదు, సన్నని సందులోంచి కూడా పిడికిలి దూరి వస్తుంది. కాబట్టి రక్షణ భారమంతా దూరాన్ని అంచనా వేయడం మీద, ముంజేతితో దెబ్బను పక్కకు తప్పించడం మీద, అడుగుల కదలిక మీద పడుతుంది.

తలపోటును కేవలం మొరటుతనంగా చూడడం దానిలోని నేర్పును తక్కువచేయడమే. కొట్టడానికి వాడవలసింది నుదుటి పైభాగం, జుట్టు మొదలయ్యే చోటికి కాస్త దిగువన ఉండే దళసరి ఎముక. తగలవలసింది ఎదుటివాడి ముక్కుదూలం, చెక్కిలి ఎముక లేదా కనుబొమ గట్టు. గడ్డం లోపలికి నొక్కిపెట్టి, మెడను బిగించి, బలాన్ని మెడ నుంచి కాక కాళ్ల నుంచి, నడుము నుంచి తెచ్చుకోవాలి. గురి రెండు వేళ్ల మేర తప్పినా రెండు నుదుళ్లు ఢీకొని కొట్టినవాడికే ముందు కళ్లు తిరుగుతాయి. ఈ దెబ్బకు అనువైన సమయం ఇద్దరూ ఒకరి మెడను, భుజాలను ఒకరు పట్టుకుని పెనుగులాడే దగ్గరి పట్టులో వస్తుంది. మువాయ్ థాయ్‌లో ఆ పట్టు మోకాలిపోటుకు వేదిక, అక్కడ తలను ఎదుటివాడి భుజం మీద ఆనించి ఊపిరి పీల్చుకోవచ్చు. లెత్‌వేలో ఆ విశ్రాంతి దొరకదు, పట్టులో ఉన్న ప్రతి క్షణమూ తల ఎక్కడుంది, నుదురు ఎటు తిరిగి ఉంది అన్నది చూసుకుంటూ ఉండాలి. వంగి, తల ముందుకు వాల్చి లోపలికి చొరబడే బాక్సింగ్ అలవాటుకు ఇక్కడ మోకాలు, నుదురు రెండూ ఒకేసారి జవాబు చెబుతాయి కనుక, లెత్‌వే నిలుపు సాధారణంగా నిటారుగా ఉంటుంది. పట్టులోంచి ఎదుటివాడిని ఎత్తి పడవేయడానికీ, కాలు తగిలించి కూలదోయడానికీ నియమాలు ఒప్పుకుంటాయి.

ఈ పద్ధతులన్నీ మార్కులు లేని పోటీకి తగినట్టు పెరిగాయి. పాయింట్ల కోసం ఆడేవాడు తేలికపాటి దెబ్బలు వరుసగా తాకించి, ఆఖరి రౌండులో దూరంగా తిరుగుతూ తన ఆధిక్యాన్ని కాపాడుకోవచ్చు. లెత్‌వేలో కాపాడుకోవడానికి ఆధిక్యమంటూ ఏదీ ఉండదు కాబట్టి, నాలుగు రౌండ్లు పైచేయిగా ఉన్నవాడు సైతం ఐదో రౌండులో గెలుపు కోసం ప్రమాదంలోకి అడుగు వేయవలసిందే. వెనుకబడినవాడికి మాత్రం, నిలబడి ఉన్నంతసేపూ, ఓటమి రాలేదన్న ధైర్యం ఉంటుంది. 2016 అక్టోబరు 9న యాంగోన్‌లో, అంటే ఒకప్పుడు తెలుగువారు రంగం అని పిలుచుకున్న నగరంలో, బర్మా విజేత తున్ తున్ మిన్, కెనడా యోధుడు డేవ్ లెడక్ తలపడినప్పుడు ఫలితం డ్రాగా ముగిసింది. ఆ డ్రా వల్ల ఎవరి గౌరవమూ తగ్గలేదు, పైగా తేలని ప్రశ్నకు జవాబు కోసం అదే ఏడాది డిసెంబరు 11న ఇద్దరూ మళ్లీ కలిశారు. ఆ రెండో పోరులో లెడక్ గెలిచి, బర్మా ప్రజల అభిమానాన్ని చూరగొన్న విదేశీ విజేత అయ్యాడు.

సంప్రదాయ నియమాలలో మరో ప్రత్యేకత రెండు నిమిషాల గాయ విరామం. పడిపోయినవాడికి రిఫరీ రెండు సెకన్లకొక అంకె చొప్పున పది వరకు, అంటే మొత్తం ఇరవై సెకన్లు లెక్కపెడతాడు. అప్పటికీ తేరుకోకపోతే, పోరు మొత్తంలో ఒకే ఒక్కసారి, చివరి రౌండులో తప్ప, అతని పక్షంవారు రెండు నిమిషాల విరామం కోరవచ్చు. సహాయకులు బరిలోకి వచ్చి, చన్నీళ్లు చల్లి, కాళ్లూ చేతులూ మర్దన చేసి, స్పృహ తెప్పిస్తారు. అతను లేచి సరేనంటే పోరు కొనసాగుతుంది. ఓడిపోయాడనుకున్నవాడు లేచి వచ్చి గెలిచే నాటకీయతకు ఈ నియమమే కారణం, అందుకే అభిమానులు దీనిని ప్రాణప్రదంగా చూసుకుంటారు.

ఈ నేపథ్యంలో 2017 మార్చి 3న యాంగోన్‌లో తొలి కార్యక్రమం జరుపుకున్న వరల్డ్ లెత్‌వే ఛాంపియన్‌షిప్ సంస్థ తెచ్చిన మార్పులు ముఖ్యమైనవి. వట్టి చేతులను, తలపోటును అలాగే ఉంచి, గాయ విరామాన్ని తొలగించి, నాకౌట్ లేనప్పుడు న్యాయనిర్ణేతల మార్కులతో విజేతను ప్రకటించే పద్ధతిని ఆ సంస్థ పెట్టింది. 2019లో దాని పోటీలు యుఎఫ్‌సీ ఫైట్ పాస్ ప్రసార వేదిక ద్వారా విదేశాలకు చేరాయి. ఆ ఏడాది ఆగస్టు 2న మాండలేలో జరిగిన పోటీలో అమెరికా యోధుడు సేథ్ బాజిన్స్కీపై లెడక్ గెలిచాడు. ఆ తేదీ వర్షావాస కాలంలోనే పడడం కాలం మార్పుకు మంచి గుర్తు: పైకప్పు ఉన్న స్టేడియమూ ప్రసార ఒప్పందమూ వచ్చిన తరువాత పోటీల క్యాలెండరు పంటలనూ పగోడా ఉత్సవాలనూ అనుసరించనక్కర లేకుండా పోయింది. ఏడాది పొడవునా జరిగే వృత్తిపరమైన పోటీలవల్ల యోధులకు జీవనోపాధి మెరుగవుతుందన్నది కాదనలేని మేలు.

ఆ మార్పులలో ఏది నిలపదగినది, ఏది విడవదగినది అన్న ప్రశ్నకు రెండు వేర్వేరు జవాబులు చెప్పవలసి ఉంటుంది. స్పృహ తప్పిన మనిషి మెదడుకు అప్పటికే గాయమై ఉంటుంది, అది తేరుకోకముందే రెండో దెబ్బ తగలడం ప్రాణాంతకం కావచ్చునని వైద్యశాస్త్రం స్పష్టంగా చెబుతోంది. స్పృహ వచ్చిన రెండు నిమిషాలకే తాను పోరాడగలడో లేదో తేల్చుకోమని ఆ మనిషినే అడగడంలో న్యాయం లేదు. కాబట్టి గాయ విరామం ఎంత పాతదైనా, ఎంత ప్రియమైనదైనా, దానిని విడవడమే మంచిది. ఇద్దరూ నిలబడితే ఇద్దరూ సమానులేనన్న డ్రా నియమం సంగతి వేరు. దానివల్ల ఎవరికీ ప్రత్యేకంగా కీడు లేదు, దానిని తీసివేస్తే మాత్రం విద్య స్వభావమే మారుతుంది. మార్కులు రాగానే, కంటికి కనబడే దెబ్బలకు విలువ పెరిగి, పట్టులోని నిదానమైన పెనుగులాట, ఓర్పుతో అదను కనిపెట్టే గుణం వెనక్కి పోతాయి, క్రమంగా లెత్‌వే కూడా తలపోటు చేర్చిన మరో కిక్‌బాక్సింగ్‌గా మిగిలే ప్రమాదం ఉంది.

థాయిలాండ్ 1920ల చివరలో తాడు చుట్టిన చేతులను వదిలి గ్లవ్స్ తొడిగి, మార్కుల పద్ధతిని పెంపొందించి, మువాయ్ థాయ్‌ను ప్రపంచ క్రీడగా మార్చుకుంది. ఆ దారి దానికి మేలే చేసింది. లెత్‌వే కూడా అదే దారిన నడవాలన్న నిర్బంధం ఏమీ లేదు. 2020 నాటి మహమ్మారి, 2021 ఫిబ్రవరి నాటి సైనిక తిరుగుబాటు, వాటి వెంట వచ్చిన అంతర్యుద్ధం ఆ దేశపు క్రీడా జీవితాన్ని తీవ్రంగా దెబ్బతీసిన ఈ కాలంలో, పోటీలను నిలబెట్టేవారు ముందుగా బరి పక్కన సమర్థుడైన వైద్యుడిని నిలబెట్టి, పోరు ఆపే అధికారం పూర్తిగా ఆయనకు ఇచ్చి, ఆ తరువాత ఐదు రౌండ్లూ నిలిచిన ఇద్దరి చేతులనూ రిఫరీ కలిపి పైకెత్తే పాత మర్యాదను అలాగే కాపాడగలిగితే, లెత్‌వే తన యోధుల ప్రాణాలనూ తన ప్రాణాన్నీ రెండింటినీ నిలుపుకోగలదు.