ఫిన్నీ ఫ్రీమేసనరీ విమర్శ: ప్రమాణము, రహస్యము, సాక్ష్యము – ఒక పరిశీలన

చార్లెస్ ఫిన్నీ (1792–1875) పేరు మన సెమినరీ విద్యార్థులకు కొత్త కాదు. ఉజ్జీవ ప్రసంగీకుడుగా, ఓబర్లిన్ కళాశాల అధ్యక్షుడుగా ఆయనను సంఘ చరిత్ర తరగతులలో చదువుతాము. అయితే వృద్ధాప్యములో, 1869లో, ఫ్రీమేసనరీ స్వభావమును, అది చేసికొను వాదములను, దాని ఆచరణను విమర్శిస్తూ ఆయన వెలువరించిన గ్రంథమును మనలో చదివినవారు తక్కువ. లాడ్జి విడిచి వచ్చినవారు వ్రాసిన పుస్తకములు అనేకమున్నను, ఒక ప్రసిద్ధ సువార్తికుడు తన స్వంత సాక్ష్యముతో వ్రాసినది గనుక దీనికి ప్రత్యేక స్థానమున్నది. దీనిలో ఏది నిలుచును, ఏది నిలువదు అని పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ఈ చర్చ పరదేశపు పాత వివాదము మాత్రమే కాదు. మన ఊళ్లలో లాడ్జి అంటే బస చేయు గదులని అర్థము గాని, మేసన్ల లాడ్జి అంటే వారి స్థానిక సమాజము. భారతదేశములో ఈ లాడ్జీలు 18వ శతాబ్దము నుండియు ఉన్నవి. 1961లో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడినది. హైదరాబాదులోని గోషామహల్ బారాదరి వారి సమావేశ మందిరముగా అందరికీ తెలిసినదే. వైద్యులు, న్యాయవాదులు, అధికారులు స్నేహము కొరకు, సేవా కార్యక్రముల కొరకు చేరుతారు. సంఘ పెద్ద ఒకరు లాడ్జి సభ్యుడని తెలిసిన దినమున కాపరి ఏమి చెప్పవలెను? ఏ ఆధారముతో చెప్పవలెను? అక్కడే చిక్కు వస్తుంది.

ఫిన్నీ కథ క్లుప్తముగా ఇది. యౌవనములో ఒక బంధువు ప్రోద్బలముతో ఆయన కనెక్టికట్‌లో లాడ్జిలో చేరి మొదటి మూడు డిగ్రీలు తీసికొన్నారు. తరువాత న్యూయార్కు రాష్ట్రములోని ఆడమ్స్ అను ఊరిలో న్యాయశాస్త్రము అభ్యసిస్తూ అక్కడి లాడ్జికి కార్యదర్శిగా కూడ ఉన్నారు. 1821 అక్టోబరులో ఆయన మారుమనస్సు పొందారు. అటుపిమ్మట లాడ్జి కూడిన రాత్రి ఎప్పటివలెనే వెళ్లారు. ఆయన క్రైస్తవుడైన సంగతి తెలిసినవారు గనుక ఆరంభ ప్రార్థన చేయుమన్నారు; చేశారు. ముగింపులోను చేయుమన్నారు, చేశారు. ఇంటికి మాత్రము కృంగిన మనస్సుతో వెళ్లారు. కొంత పోరాటము, ఎంతో ప్రార్థన జరిగిన తరువాత విడుదల కోరి నెమ్మదిగా బయటికి వచ్చారు.

మా దృష్టిలో ఈ పుస్తకములో అతి విలువైన భాగము ఇదే. విచిత్రమేమనగా ఫిన్నీ దీనిని త్వరగా దాటిపోతారు. అప్పటికి ఆయన చేతిలో లాడ్జి రహస్యములను బట్టబయలు చేసిన పుస్తకమేదియు లేదు. ఎవరును వాదించి ఆయనను గెలువలేదు. తన పాపములు క్షమించిన క్రీస్తును ఎరిగిన హృదయము ఆ గదిలో ఇమడలేకపోయినది, అంతే. వాదము తరువాత వచ్చినది. నేటి కరపత్రములలో ఈ వరుస తలక్రిందులైనది: ముందు భయంకర రహస్యములు, చివర ఒక పేరాలో క్రీస్తు.

వాదము వచ్చుటకు కారణము 1826లో జరిగిన మోర్గన్ వ్యవహారము. న్యూయార్కు రాష్ట్రములోని బటేవియాలో విలియమ్ మోర్గన్ అనువాడు మేసన్ల డిగ్రీలను అచ్చువేయబూనాడు. ఆ సెప్టెంబరులో స్వల్పమైన అప్పు పేరున అతనిని కెనండైగ్వా చెరసాలలో పెట్టించి, విడిపించినట్లే విడిపించి, బండిలో ఎక్కించి తీసికొనిపోయారు. నయాగరా కోట వరకు జాడ తెలిసినది. అటుతరువాత అతడు ఎవరికిని కనబడలేదు. అపహరణకు కొందరికి స్వల్ప శిక్షలు పడినవి. ప్రజాగ్రహము పెల్లుబికి మేసన్ వ్యతిరేక రాజకీయ పక్షమే పుట్టినది. 1832 అధ్యక్ష ఎన్నికలలో ఆ పక్షము వెర్మాంట్ రాష్ట్రమును గెలుచుకొన్నది. లాడ్జీలు వందలుగా మూతబడినవి.

మోర్గన్ అచ్చువేసినది తాను తీసికొన్న మూడు డిగ్రీల విషయములో సరియైనదేనని ఫిన్నీ సాక్ష్యమిచ్చారు. ఇది కన్నవాని సాక్ష్యము. దీనిని తేలికగా త్రోసివేయలేము. కాని పై డిగ్రీల విషయములో ఆయన ఎల్డర్ బెర్నార్డ్ 1829లో వెలువరించిన గ్రంథముపై ఆధారపడ్డారు. ఇది విన్నవాని సాక్ష్యము. పాఠకుడు ఈ రెంటిని వేరుగా పెట్టుకొని చదువవలెను. మోర్గన్ హతుడయ్యెనని ఫిన్నీ నిస్సందేహముగా వ్రాస్తారు. అది నిజము కావచ్చును, అనుమానము బలమైనదే. కాని హత్య న్యాయస్థానములో రుజువు కాలేదు. యాబది వేలమంది మేసన్లలో నలుబదియైదు వేలమంది లాడ్జిని విడిచిరని ఆయన చెప్పు లెక్కను కూడ ఆ కాలపు ఉద్యమకారుల లెక్కగానే స్వీకరించవలెను. న్యాయశాస్త్రము చదివిన ఫిన్నీ సాక్ష్యమును తూచుట తెలియనివారు కారు. ఇక్కడ మాత్రము ప్రసంగీకుడు న్యాయవాదిని మించిపోయాడు.

ఇక ప్రమాణము సంగతి. గ్రంథమునకు గుండె ఇది. అభ్యర్థి కన్నులకు గంతలు కట్టుకొని, తాను ఏమి దాచవలెనో తెలియకముందే దానిని దాచెదనని దేవుని ఎదుట ఒట్టు పెట్టుకొంటాడు. నీ మతధర్మమునకు గాని పౌరధర్మమునకు గాని విరుద్ధమైనది ఇందులో లేదని ముందుగా అతనికి హామీ ఇస్తారు. ఆ హామీయే మోసమని ఫిన్నీ వాదము. మోసముతో రాబట్టిన ప్రమాణము, పాపము చేయుమని కట్టివేయు ప్రమాణము చెల్లదు. దానిని నెరవేర్చుట మరియొక పాపము అని ఆయన తేల్చారు. హేరోదు తన ఒట్టు నిమిత్తము యోహాను తల తెప్పించిన సంగతి (మార్కు 6:26–27) చదివినవారికి ఈ వాదములో రెండవ సగము ఒప్పుకొనుట కష్టము కాదు.

మొదటి సగము అంత సులభము కాదు. మోసముతో రాబట్టిన ప్రమాణము దానంతట అదే చెల్లనిదైతే యెహోషువ 9వ అధ్యాయమును ఏమి చేయవలెను? గిబియోనీయులు పాత చెప్పులు, బూజుపట్టిన రొట్టెలు చూపించి ఇశ్రాయేలీయులను మోసపుచ్చి ప్రమాణము చేయించుకొన్నారు. మోసము మూడు దినములలో బయటపడినది. అయినను పెద్దలు ఆ ప్రమాణమును మీరలేదు. తరతరముల తరువాత సౌలు మీరినప్పుడు దేశము మీదికి కరవు వచ్చినది (2 సమూయేలు 21). తనకు నష్టము కలిగినను ప్రమాణము తప్పని మనుష్యుని 15వ కీర్తన మెచ్చుకొంటున్నది. కాబట్టి మోసము జరిగినదన్న ఒక్క మాటతో ఒట్టు ఎగిరిపోదు. గిబియోనీయుల ప్రమాణమును నిలుపుకొనుటవలన పొరుగువాని ప్రాణము దక్కినది. హేరోదు ప్రమాణమును నిలుపుకొనుటవలన పొరుగువాని ప్రాణము పోయినది. మేసన్ ప్రమాణమును కూడ ఇట్లే విడదీసి చూడవలెనని మా అభిప్రాయము. సహోదర మేసన్ నేరమును దాచెదనన్న భాగము ఎవరినీ కట్టివేయదు. కరచాలనపు గుర్తును, సంకేతపదమును చెప్పనన్న భాగము వేరు. దానిని చెప్పకపోయినందున ఎవరికిని హాని లేదు. తెలియక పెదవులతో ఒట్టు పెట్టుకొన్నవాడు తెలిసినప్పుడు దానిని ఒప్పుకొనవలెనని లేవీయకాండము 5:4–6 చెప్పుచున్నది. ఒప్పుకొనవలసినది దేవుని ఎదుట. వేదిక మీద గుర్తులు ప్రదర్శించవలెనని అక్కడ లేదు.

రహస్యమే పాపమన్న వాదమును కూడ కొందరు చేస్తారు. యేసు రహస్యముగా ఏమియు మాటలాడలేదని యోహాను 18:20 చూపిస్తారు. కాని అదే ప్రభువు బాగుచేసిన కుష్ఠరోగితో ఎవనితోను చెప్పవద్దనెను (మార్కు 1:44). కాపరి తనకు చెప్పుకొన్న సంగతులు దాచును. సంఘ కమిటీ మినిట్స్ మాత్రము అందరికి చూపుచున్నామా? మేసన్లు తమది రహస్య సమాజము కాదు, కొన్ని రహస్యములున్న సమాజము మాత్రమే అంటారు. పోనిమ్ము. ప్రశ్న రహస్యమున్నదా లేదా అన్నది కాదు, బహిరంగముగా అచ్చయినదే ఏమి చెప్పుచున్నదన్నది.

అచ్చయినదానిని చూద్దాము. 1723లో లండను గ్రాండ్ లాడ్జి నియమావళిని కూర్చినవాడు జేమ్స్ ఆండర్సన్, ప్రెస్బిటేరియన్ సేవకుడు. దానిలో మొదటి విధి మనుష్యులందరు ఏకీభవించు మతమునకు మాత్రమే సభ్యులను కట్టుబడియుండుమని, ప్రత్యేక విశ్వాసములను ఎవరికివారు తమయొద్ద ఉంచుకొనవలెనని చెప్పుచున్నది. పరమాత్మయందు నమ్మకముండవలెను, ఆయనను విశ్వమహాశిల్పి అంటారు. మన దేశపు లాడ్జీలలో బైబిలు, భగవద్గీత, ఖురాను మొదలైనవి పక్కపక్కన ఉంచి ఎవరి గ్రంథము మీద వారు ప్రమాణము చేస్తారు. బహుమతములున్న దేశములో ఇది ఎంతో ఆకర్షణీయముగా కనబడును. పొరుగు మతస్థునితో స్నేహము, సేవ మనకు వర్జ్యము కావు, కారాదు. కాని ఆ బలిపీఠము చుట్టు జరుగు ప్రార్థనలో అందరినీ కలుపుటకై విడిచిపెట్టవలసిన నామము ఏదో క్రైస్తవునికి తెలుసును (అపొ. కార్యములు 4:12). ఇందుకు ఏ రహస్య గ్రంథము అవసరము లేదు. ఫిన్నీ ఆ రాత్రి కృంగిన మనస్సుతో ఇంటికి వెళ్లుటకు కారణము కూడ ఇదియే అయి ఉండును.

ఆధునిక సంఘముల పరిశీలనలు ఎక్కువగా ఈ దారినే నడిచినవి. బ్రిటిషు మెథడిస్టు కాన్ఫరెన్సు 1985లో, ఇంగ్లండు సంఘపు జనరల్ సినడు 1987లో ఆచారముల పాఠమునే ముందుపెట్టుకొని గట్టి సందేహములు వెలిబుచ్చినవి. అమెరికాలో దక్షిణ బాప్టిస్టులు 1993లో అభ్యంతరములు పేర్కొని నిర్ణయమును వ్యక్తి మనస్సాక్షికి విడిచారు. రోమను కథోలిక సంఘము 1738 నుండి నిషేధిస్తూనే ఉన్నది. 1983లోను, మరల 2023 నవంబరులోను అదే చెప్పినది. మేసన్లు కూడ మారకుండ లేరు. ఇంగ్లండు యునైటెడ్ గ్రాండ్ లాడ్జి 1986లో ప్రమాణములలోనుండి గొంతుకోత వంటి శారీరక శిక్షల మాటలను తొలగించినది. ఫిన్నీ విమర్శలో చాల పుటలు ఆ శిక్షల మీదనే నడుస్తాయి. వాటిని నేటి లాడ్జి సభ్యునికి చదివి వినిపిస్తే, మా ప్రమాణములో ఇది లేదని అతడు పుస్తకము మూసివేయవచ్చును.

అంతకంటె ప్రమాదకరమైన సంగతి మరియొకటి. మేసన్ల పెద్ద ఆల్బర్ట్ పైక్ లూసిఫరే దేవుడని బోధించెనని ఒక మాట మన ప్రసంగములలోను, మా చేతికి వచ్చిన కరపత్రములలోను తిరుగుచున్నది. దాని పుట్టుక తెలిసినదే. ఫ్రాన్సులో లియో టాక్సిల్ అను కలముపేరు గల రచయిత కొంతకాలము లాడ్జిలో ఉండి వెలివేయబడి, 1885లో కథోలిక విశ్వాసమునకు తిరిగివచ్చినట్లు నటించి, పండ్రెండేండ్లు మేసన్ల సాతాను పూజను గూర్చి కట్టుకథలు వ్రాసి సంపాదించాడు. పోపుగారి దర్శనము కూడ పొందాడు. 1897 ఏప్రిల్ 19న పారిసులో సభ పెట్టి అంతయు బూటకమని తానే నవ్వుతూ ప్రకటించాడు. పైక్ పేరుతో తిరుగు ఆ మాట 1894లో ఒక ఫ్రెంచి పుస్తకములో ఈ బూటకము నీడననే వెలువడినది. అప్పటికి పైక్ మరణించి మూడేండ్లు. లాడ్జిని విడిచితినని చెప్పుకొన్న ప్రతివాని మాటను పరీక్షించక నమ్మినందుకు క్రైస్తవ లోకము ఆనాడు నవ్వులపాలైనది. అబద్ధ సాక్ష్యము పలుకరాదను ఆజ్ఞ (నిర్గమ 20:16) మేసన్ల విషయములో రద్దు కాలేదు. టాక్సిల్ ప్రక్కన పెట్టి చూచినప్పుడే ఫిన్నీ విలువ తెలియును. ఆయన అతిశయించి ఉండవచ్చును గాని కల్పించలేదు.

లాడ్జి విడువగోరు సభ్యుడు మన యొద్దకు వచ్చినప్పుడు చేయవలసినది ఏమి? సభ్యత్వమునకు రాజీనామా ఇచ్చినను ప్రమాణము జీవితాంతము కట్టివేయునని మేసన్ల మాట. గనుక రాజీనామా పత్రములో సభ్యత్వము మానుకొనుచున్నానని మాత్రమే వ్రాస్తే చాలదు. ఆ ప్రమాణము క్రీస్తునకు విరుద్ధముగా నన్ను కట్టివేసినంతమట్టుకు దానిని దేవుని ఎదుట విసర్జించితినని ఒక వాక్యము చేర్చుట మంచిది. కాపరి ప్రక్కన కూర్చుండి ఆ పత్రము వ్రాయించి, అతనితో కలిసి ప్రార్థించవలెను. అక్కడి స్నేహితులను తిట్టుచు వ్రాయనక్కరలేదు. వారిలో కొందరు అతని కష్టకాలములో ఆదుకొన్నవారై ఉందురు. గుర్తులేమిటో, సంకేతపదమేమిటో అతనిని అడుగవద్దు. యువజన కూటములో చెప్పుమని నిలువబెట్టవద్దు.