వంగిన వెన్ను, తప్పని వరుస

గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాములకు మించదు. క్లబ్ తల దాన్ని అంటిపెట్టుకుని ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు సేపే. దెబ్బ అదురు షాఫ్ట్ వెంట పాకి చేతులకు తెలిసేసరికి బంతి వెళ్ళిపోయి ఉంటుంది. తగిలే క్షణాన మణికట్టు ఎలా తిప్పాలో నేర్పబోవడం అందుకే వృథా. నేర్పగలిగిందంతా ఆ క్షణానికి ముందే ఉంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బడుల్లో ఏళ్ళ తరబడి జావెలిన్, డిస్కస్ నేర్పిన పీఈటీ సార్లకు గోల్ఫ్‌తో పని పడి ఉండకపోవచ్చు. హైదరాబాద్ వెళ్ళినప్పుడు గోల్కొండ దగ్గర నయా ఖిల్లా పక్క పచ్చిక కనబడితే కనబడి ఉంటుంది. అయినా గోల్ఫ్ స్వింగ్‌ను చదవగల కన్ను వాళ్ళకు ముందే ఉంది. ఈటె విసిరే పిల్లను చూసేటప్పుడు చేతికంటే ముందు నడుమునూ, బిగిసి నిలబడ్డ ముందుకాలినీ చూసే కన్ను అది.

గోల్ఫ్‌లోనూ అదే వరుస. క్లబ్ ఇంకా వెనక్కి వెళ్తుండగానే మంచి ఆటగాడి ఎడమ పాదం నేలను నొక్కడం మొదలుపెడుతుంది (కుడిచేతి ఆటగాడి సంగతి చెబుతున్నాను). ముందు నడుము తిరుగుతుంది, దాని వెనక ఛాతీ, ఆ తర్వాత చేతులు, చివరికి క్లబ్. అసలు కిటుకు వేగం పెంచడంలో కంటే తగ్గించడంలో ఉంది. నడుము తన గరిష్ఠ వేగం అందుకుని నెమ్మదిస్తే ఆ ఊపు ఛాతీకి అందుతుంది, ఛాతీ నెమ్మదిస్తే చేతులకు. చెర్నకోల ఝళిపించేవాడు పిడిని బిగబట్టినప్పుడే కదా కొస ఛెళ్ళుమనేది! కిందికి దిగే ఈ తతంగమంతా దాదాపు పావు సెకనులో ముగుస్తుంది. పెద్ద టూర్లలో ఆడేవాళ్ళ డ్రైవర్ (దూరం కొట్టే క్లబ్) తల అప్పటికి గంటకు 180 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. 1968లోనే కాక్రన్, స్టాబ్స్ అనే ఇద్దరు బ్రిటన్‌లో ఈ చలనాన్ని ఒకదానికొకటి తగిలించిన రెండు లోలకాలుగా విడదీసి చూపించారు.

అనుభవజ్ఞులైన గోల్ఫ్ శిక్షకులే తడబడిన చోటు ఇంకొకటి ఉంది. క్లబ్ సాగే దారి వెంటే బంతి బయలుదేరుతుందని చాలాకాలం నేర్పారు. రాడార్లు వచ్చి లెక్క తిరగేశాయి. డ్రైవర్‌తో కొట్టినప్పుడు బంతి తొలి దిశలో 85 శాతం దాకా క్లబ్ ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, ఎటు చూస్తున్నదన్నదే తేలుస్తుంది. ఫేస్‌కూ దారికీ మధ్య కోణం గాల్లో వంపు తెస్తుంది. తొలి దిశలో ఒక్క డిగ్రీ తేడా వస్తే 250 మీటర్ల దూరాన నాలుగు మీటర్లు పక్కకు పోయినట్టే.

ఇప్పుడు గోల్ఫ్ ఆటగాడు సాహిత్ తీగల స్వింగ్ చూడండి. 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్ళినవారు. అతని వెన్నెముక పక్కకు వంగి ఉంటుంది, స్కోలియోసిస్. బంతిని కొట్టే వేళకు అతని నడుం పైభాగం కుడివైపు బాగా ఒరిగిపోతుంది, కొట్టాక నిలబడే తీరు ఫొటోకు పనికొచ్చేలా ఉండదు. పుస్తకం పట్టుకుని కూర్చున్న శిక్షకుడైతే మొదటి రోజే ఆ ఒరుగు సరిచేయబోయేవాడు. దాన్ని ఉండనిచ్చి, దాని చుట్టూ ఆట కట్టుకోవడమే ఇక్కడి పనితనం. అతనికి ఇష్టమైన దెబ్బ ఎడమ నుంచి కుడికి వంగే ఫేడ్. క్లబ్ దారి లక్ష్యానికి ఎడమగా సాగుతుంది. ఫేస్ కూడా కాస్త ఎడమగానే ఉన్నా దారికంటే తక్కువ. బంతి ఎడమన బయలుదేరి తిరిగొస్తుంది. శరీరం వంకర ఎంత ఉన్నా ఆ రెండు కోణాల తేడా ప్రతిసారీ ఒక్కలా రావాలి. అందంగా నిలబడి ఆ తేడా నిలుపుకోలేనివాళ్ళు నా లెక్కలో ఇతనికంటే కింద.

పెపర్‌డైన్ విశ్వవిద్యాలయంలో ఉండగా 2020లో కాలేజీ గోల్ఫ్‌లోని హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ అవార్డులు మూడూ గెలిచాడు. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌తో తొలి పీజీఏ టూర్ టైటిల్ అందుకున్నాడు.

2024 టూర్ ఛాంపియన్‌షిప్, అట్లాంటాలో ఈస్ట్ లేక్. మూడో రౌండ్, మూడో హోల్, బంతి ఇసుక బంకర్‌లో. అక్కడ బ్యాక్‌స్వింగ్‌లో క్లబ్ ఇసుకను తాకకూడదని నియమం. కొన్ని రేణువులు కదిలినట్టు సాహిత్‌కు అనిపించింది. తానే చెప్పి రెండు స్ట్రోకుల శిక్ష వేయించుకున్నాడు, టోర్నీని మూడో స్థానంలో ముగించాడు. అతని నిజాయితీని అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవలసిందే. శిక్షకులు మాత్రం ఇంకొకటి కూడా గమనించాలి. బలమంతా కూడగట్టుకుని క్లబ్ వెనక్కి కదిలే ఆ తొలి అంగుళంలో, దాని అంచు దేన్ని రాసుకుందో అతనికి తెలిసింది.