లోటస్ కంపెనీ పతనం - నేల టికెట్టు వైపు నుంచి

నైజాం రాజ్యం 1948 సెప్టెంబరులో పోయింది. సినిమా వ్యాపారంలో మాత్రం పోలేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ఆ తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నయి, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నయి, తెలంగాణలో ఉన్నయి. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా కూడా అయింది. డిస్ట్రిబ్యూటర్ల లెక్కల్లో మాత్రం ఇప్పటికీ ఈ ఊళ్లు 'నైజాం ఏరియా' కిందనే పడుతున్నయి. రాజు పోయినా రాజు పేరు మీద వసూలు ఆగలేదన్న మాట. ఈ ఏరియాలో సినిమా హాలు ఎవరి దయ మీద నడిచింది, ఎవరి కోపానికి మూతపడింది అని అడగాలంటే లోటస్ ఫిలిం కంపెనీ దగ్గర మొదలుపెట్టాలె.

ధీరేంద్రనాథ్ గంగూలీ (1893-1978) బెంగాలీ. శాంతినికేతన్‌లో చదివి, హైదరాబాద్‌లో నిజాం ఆర్ట్ స్కూల్లో పనిచేసిండు. కలకత్తాలో 'బిలాత్ ఫెరత్' (1921) తీసి పేరు తెచ్చుకున్నంక హైదరాబాద్ వచ్చి 1922లో లోటస్ కంపెనీ పెట్టిండు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ అండతో స్టూడియో లేచింది, రెండు సినిమా హాళ్లు లేచినయి. 'ఇంద్రజిత్', 'యయాతి', 'లేడీ టీచర్', 'ది మ్యారేజ్ టానిక్' వంటి మూకీలు ఆ కొద్దికాలంలోనే వచ్చినయి. తీసేది, ఆడించేది ఒక్క కంపెనీయే. 1924లో బొంబాయిలో తయారైన 'రజియా బేగం'ను గంగూలీ తన హాల్లో ఆడించిండు. ముస్లిం రాకుమారి ఒక హిందువును ప్రేమించడం అందులో కథ. నిజాంకు కోపమొచ్చింది. రాజ్యం విడిచిపొమ్మని హుకుం వచ్చింది. లోటస్ అంతటితో సరి. గంగూలీ కలకత్తా పోయి మళ్లీ కంపెనీలు పెట్టిండు, సినిమాలు తీసిండు, 1975 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు కూడా పొందిండు.

సినిమా చరిత్రలు ఈ సంగతిని రెండు తీర్ల చెప్తయి. ఒకటి, ఒక గొప్ప కళాకారునికి జరిగిన అన్యాయం. రెండోది, ముస్లిం రాజు మతపిచ్చి. ఈ రెండూ మనకు చాలవు. మొదటిది గంగూలీ కథే తప్ప హాలు కథ కాదు. రెండోది ఈనాటి రాజకీయాలకు అక్కరకొచ్చే కథ. అదే రాజ్యంలో ఒక దొర గడీలో ఆడబిడ్డ మాలాయన్నో మాదిగాయన్నో కోరుకుంటే ఏమయ్యేదో చెప్పడానికి మతం ఊసే అక్కర్లేదు. అంబేద్కర్ 1916లో కొలంబియాలో చదివిన వ్యాసంలోనే తేల్చిండు, కులం ప్రాణమంతా సొంత కులంలోనే పెళ్లి చేసుకోవడంలో ఉందని. ఏలే ఇంటి ఆడపిల్ల ఏలబడేవాణ్ణి కోరుకోవడం తెర మీద బొమ్మగా కూడా కుదరదు అన్నది దర్బారు తీర్పు. ఆ తీర్పును తప్పుపట్టే హిందూ అగ్రకుల చరిత్రకారుడు తన ఇంట్ల ఇచ్చే తీర్పు ఇంతకు భిన్నమా?

ఇంకో మాట కూడా చెప్పుకోవాలె. దర్బారు నీడన లేచిన కంపెనీ దర్బారు కోపంతోనే కూలింది. టికెట్టు కొన్న జనం దాన్ని నిలబెట్టలేకపోయిండ్రు, వాళ్లనెవరూ అడగనూ లేదు. అదే హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో, భజనలతో అంటరానివాళ్ల వాడల్లో తిరిగిండు. 1911లో దాన్ని మన్య సంఘంగా మార్చిండు. ఆయనకు స్టూడియో లేదు, హాలు లేదు. లోటస్ పోయినంక కూడా ఆది హిందూ ఉద్యమం నడుస్తనే ఉంది. మన పుస్తకాల్లో ఈ రెండు సంగతులు ఒక్క పేజీలో కనపడవు.

తర్వాత కాలంలో సినిమా దర్బారు నుంచి బజారుకొచ్చింది. కామారెడ్డి సికింద్రాబాద్-మన్మాడ్ రైలు దారి మీదున్న బెల్లం మార్కెట్టు ఊరు. ఎల్లారెడ్డికి రైలు లేదు, బస్సే గతి. వ్యాపారం భాషలో ఇట్లాంటివి 'బి', 'సి' సెంటర్లు, అంటే పట్నంలో ఆడి ఆడి అరిగినంక పెట్టె దిగే ఊళ్లు. సినిమా వచ్చిందని పల్లెల్లో చాటింపు వేసింది డప్పు. ఆ డప్పు ఎవరి చేతిలో ఉందో ఈ పత్రిక చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. గోడలకు పోస్టర్లు అంటించినోళ్లు, పెట్టె మోసినోళ్లు, గేటు కాడ నిలబడ్డోళ్లు కంపెనీల చరిత్రలో ఎక్కడా ఉండరు.

హాలు లోపల నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. ఊరి హోటల్లో రెండు గ్లాసులు నడుస్తున్న రోజుల్లో టికెట్టు కిటికీ మాత్రం కులం అడగలేదు, పైసలు అడిగింది. కులాన్ని ధరలోకి మార్చి, తెరకు దగ్గర్ల కూసోబెట్టింది. ఇది సమానత్వం కాదు. అయితే ఒక చిక్కుంది. బీడీలు చేసే తల్లి కొడుకు నాలుగు పైసలు ఎక్కువ పెడితే కుర్చీ టికెట్టు వస్తది. పక్క కుర్చీలో దొర కొడుకు ఉండొచ్చు. ఊళ్లో ఇంకెక్కడా ఈ వీలు లేదు. అగ్రకులాలకు కొరుకుడు పడనిది ఇదే.

చుండూరు గుర్తుచేసుకోండి. 1991 జులైలో సినిమా హాల్లో ఒక చదువుకున్న దళిత యువకుని కాలు ముందు వరుసలోని అగ్రకుల యువకునికి తగిలింది. దాని మీద గొడవ, దాని మీద సాంఘిక బహిష్కరణ, ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్య. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. లోటస్ కాలంలో ఏలేవాళ్లు తెర మీది బొమ్మకు ఉలిక్కిపడ్డరు. చుండూరులో తెర మీద ఏమాడిందో ఎవరికీ పట్టలేదు, తెర ముందు ఎవరు ఎక్కడ కూసున్నరన్నదే పట్టింది. మొదటి దానికి దేశబహిష్కారం, రెండో దానికి గొడ్డళ్లు. ఒక్క గీత దాటినందుకే రెండూ.

ఇప్పుడు హాళ్లే పోతున్నయి. గల్ఫ్ పోయినోళ్లు వీసీఆర్‌లు తెచ్చిన నాడే మొదటి దెబ్బ పడ్డది. తర్వాత టీవీ, ఆ తర్వాత సెల్ ఫోను. 2024 మేలో తెలంగాణ సింగిల్ స్క్రీన్ థియేటర్లు జనం లేక కొన్ని రోజులు తలుపులు మూసుకున్నయి. మిగిలిన హాళ్లు లీజుల మీద కొద్దిమంది చేతుల్లోకి పోయినయని సినిమావాళ్లే గోలపెడుతున్నరు. ఒకప్పుడు దర్బారు, ఇప్పుడు లీజుదారు. యజమానుల నష్టాల మీద పత్రికల్లో చానా రాతలొచ్చినయి. మూతపడ్డ హాళ్లు కొన్ని గోదాములైనయి, కొన్ని ఫంక్షన్ హాళ్లైనయి. టికెట్టు కొంటే ఎవరైనా పోగలిగిన చోటు, పిలుపు అందినోళ్లే పోయే చోటుగా మారింది. దీని మీద రాసినోళ్లు తక్కువ.

కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో నేల మీద కూసొని సినిమా చూసిన పెద్దమనుషులు ఇంకా ఉన్నరు. విద్యార్థులు సెలవుల్లో వాళ్ల దగ్గరికి పోయి రాసుకొని రావాలె. ఏ హీరో అంటే ఇష్టమని తర్వాత అడగొచ్చు. కుర్చీ టికెట్టు మొదటిసారి ఎప్పుడు కొన్నరు, పక్కన కూసున్నాయన లేచిపోయిండా, కూసున్నడా - ముందు అది అడగండి.