నాన్న గంటలు ఎవరు లెక్కపెట్టారు?

రచయిత్రి ఎవరైనా సభకు వస్తే ఎవరో ఒకరు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంట్లో చిన్నపిల్లల్ని పెట్టుకొని ఇంత ఎట్లా రాయగలుగుతున్నారు?" అడిగేవాళ్లు మెచ్చుకోలుగానే అడుగుతారు. అదే వేదిక మీద పక్కన కూర్చున్న మగ రచయితకూ ఇంట్లో చిన్నపిల్లలుంటారు. ఆయన్ని మాత్రం ఆ మాట అడగరు. పిల్లల పెంపకం ఆడవాళ్ల సమయాన్ని ఎట్లా మింగేసిందో మనం చాలా రాసుకున్నాం. ఒక లక్ష్యం పెట్టుకున్న మగవాడు తన చిన్నపిల్లలతో ఒక మామూలు రోజు ఎట్లా గడిపాడు, పొద్దున వాళ్ల మొహం ఎవరు కడిగారు, జ్వరం వచ్చిన రాత్రి ఎవరు మేలుకున్నారు అన్నది మాత్రం మన చదువులో ఖాళీగానే ఉండిపోయింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల జీవితాన్ని చెప్పే కొన్ని జ్ఞాపకాలను, ఒక సినిమాను, ఆ కూలీల మీద పనిచేసిన చట్టాల్లోని రెండు నిబంధనలను ఈ ప్రశ్నతో చదివి చూడాలనిపించింది.

1946–51 సాయుధ పోరాటానికి నల్లగొండ గుండెకాయ. ఆ పోరాటం గురించి మగవాళ్లు చాలా రాశారు. రావి నారాయణరెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి తమ అనుభవాలు రాశారు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో పోరాట చరిత్రనూ దాని గుణపాఠాలనూ పెద్ద గ్రంథంగా తెచ్చారు. ఊళ్లు, దళాలు, పంచిన భూములు, అమరుల పేర్లు, పార్టీ నిర్ణయాలు వీటికి వెన్నెముక. అటువంటి పుస్తకాలు అట్లాగే ఉంటాయని మనం కూడా ఒప్పేసుకొని చదివాం. 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చినప్పుడు గాని తేడా తెలియలేదు. అవే సంవత్సరాలు, అవే దళాలు. కానీ ఆడవాళ్లు మాట్లాడినప్పుడు తుపాకీ, కడుపు, కాన్పు, చంటిబిడ్డ ఏడుపు, పార్టీ ఆదేశం అన్నీ ఒకే ఊపిరిలో వచ్చాయి. దళంలో ఉన్న కమలమ్మ తన చంటిబిడ్డను వేరొకరికి ఇచ్చేయాల్సి వచ్చిన సంగతి చదివి కదలని వాళ్లుండరు.

ఆ పేజీలను మనం మాతృత్వానికీ ఉద్యమానికీ మధ్య సంఘర్షణగా చదివాం. పార్టీ తల్లిని ఏమడిగిందని నిలదీశాం. అది అవసరమైన పనే. కానీ తండ్రి విషయంలో పార్టీ ఏమనుకుందో అడగలేదు. అజ్ఞాతవాసంలోకి వెళ్లిన ఆడమనిషి గురించి "పిల్లల్ని వదిలి వెళ్లింది" అంటాం. మగవాడి గురించి "ఉద్యమంలోకి వెళ్లాడు" అంటాం. ఇద్దరూ దాటింది అదే గడప. ఒకరి వెళ్లడంలోనే పిల్లలున్నారు, మరొకరి వెళ్లడంలో లేరు. పోరాట విరమణ తర్వాత ఆడవాళ్లను ఇళ్లకు వెళ్లమనడం మీద ఆ పుస్తకంలో వినిపించే కోపానికి మూలం కూడా ఇక్కడే ఉంది. ఇల్లు ఆమె కోసం ఖాళీగా ఎదురుచూస్తున్న ఉద్యోగం లాంటిది, అతనికి మాత్రం విశ్రాంతి తీసుకునే చోటు. ఏ ఒక్క నాయకుడి మీదా నేరం మోపడానికి ఈ మాట అనడం లేదు. తండ్రి అనేవాడు పిల్లల దగ్గర ఉండకపోయినా ఎవరికీ లెక్క చెప్పనక్కరలేదన్న నమ్మకం పోరాటానికి ముందూ ఉంది, తర్వాతా ఉంది. దొర గడీని కూల్చినవాళ్లకు కూడా అది కనిపించలేదు.

ఇక్కడ సుందరయ్య గురించి ఒక మాట చెప్పుకోవాలి. 1943లో లీలతో పెళ్లయ్యాక పిల్లలు వద్దని ఇద్దరూ అనుకున్నారు. అందుకు ఆపరేషన్ ఆయనే చేయించుకున్నారు. లక్ష్యానికీ బిడ్డకూ పొసగదనుకున్నప్పుడు ఆ భారాన్ని భార్య ఒంటి మీదికి నెట్టకుండా తన ఒంటి మీద తీసుకున్న మగవాళ్లు ఆ కాలంలోనే కాదు, ఈ కాలంలోనూ తక్కువ. ఈ నిర్ణయాన్ని త్యాగంగా పొగడడం మామూలు. నాకు ఇందులో త్యాగం కన్నా నిజాయితీ ఎక్కువ కనిపిస్తుంది. పిల్లలంటే రోజూ చేయాల్సిన పని అనీ, ఆ పనిలో తనకూ వాటా ఉంటుందనీ తెలిసిన మనిషి చేసే లెక్క అది. అయితే ఈ లెక్కలో కూడా లక్ష్యమో బిడ్డో, రెంటిలో ఒకటే మిగిలింది. రెంటినీ చేతిలో పెట్టుకొని తడబడిన తండ్రి కథ మనకింకా దొరకలేదు.

దొరకకపోవడానికి కారణాలు మన భాషలో, ఆచారంలో కూడా ఉన్నాయి. పుట్టుకతో వచ్చే మూడు ఋణాల్లో పితృఋణం ఒకటన్నారు. సంతానాన్ని కంటే అది తీరిపోతుందన్నారు. అంటే బిడ్డ పుట్టిన రోజుతో తండ్రి బాకీ చెల్లు. ఆ తర్వాత చేసేదంతా ఆయన దయ. "తల్లి చస్తే తండ్రి పినతండ్రి" అనే సామెత ఇంకా సూటిగా చెబుతుంది. తల్లి ద్వారా తప్ప బిడ్డకూ తండ్రికీ నేరుగా దారి లేదని దాని అర్థం. "నాన్న చదివించాడు", "నాన్న పెళ్లి చేశాడు" అని తేలిగ్గా అంటాం. "నాన్న నీళ్లు పోశాడు", "నాన్న ముడ్డి కడిగాడు" అంటే నవ్వొస్తుంది. నవ్వొచ్చే విషయాన్ని ఆత్మకథలో ఎవరు రాస్తారు?

పోరాటం తర్వాత యాభై ఏళ్లకు అదే నల్లగొండలో లక్ష్యం పట్టిన మరో మగవాడు కనిపిస్తాడు. ఆలేరు దగ్గరి శారాజిపేట చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం. పోచంపల్లి రకం చీరకు రంగు అద్దేముందు ఆసు పోయాలి. దారాన్ని కొయ్యల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు నాలుగైదు గంటలు, చెయ్యి సుమారు 9 వేల సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18 వేల సార్లు. ఇది ఇంటి ఆడవాళ్ల పని. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం మీద పడిన మల్లేశం, హైదరాబాదులో కూలి పని చేసుకుంటూ, 1999లో గాని దాన్ని పూర్తి చేయలేకపోయాడు. గంటన్నరలో చీరకు ఆసు పోసే ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో రాజ్ రాచకొండ దర్శకత్వంలో "మల్లేశం" సినిమా వచ్చింది.

మన ప్రాంతపు యాసతో, మగ్గాల చప్పుడుతో వచ్చిన ఆ సినిమాను ఇష్టంగా చూశాం. ఆడవాళ్ల శ్రమను గంటల్లో, చెయ్యి కదలికల్లో లెక్కగట్టి చూపించిన కథ తెలుగు తెర మీద అరుదు. ఆ లెక్కే నాకు ముఖ్యం. ఒక మగవాడు ఆడవాళ్ల పనిని కళ్లారా చూసి లెక్కపెడితే ఏమవుతుందో ఆ యంత్రం చెబుతుంది. కానీ ఆ కళ్లు కొడుకు కళ్లు. తల్లి ఋణం తీర్చుకునే కొడుకును మన కథలు గుర్తుపట్టగలవు, గౌరవించగలవు. అటువంటి కథల్లో భార్యకు ఓర్పు, ప్రోత్సాహం దక్కుతాయి. యంత్రం కోసం మగవాడు పెట్టిన ఏడేళ్లను "పట్టుదల" అంటాం. ఆ ఏడేళ్లూ ఇల్లు నడవడానికి ఎవరి గంటలు ఖర్చయ్యాయో చెప్పే మాట మన దగ్గర లేదు. యంత్రం వచ్చాక చీరకు మూడు గంటలు మిగిలాయి. ఆ మూడు గంటలు ఆమెకు దక్కాయా, పిల్లల పనిలోనో ఇంకో చీరలోనో కలిసిపోయాయా? చేనేత ఇల్లు ఇల్లే కార్ఖానా. గుంట మగ్గంలో కూర్చున్న తండ్రికి పాకే బిడ్డ కళ్లెదుటే ఉంటుంది. అయినా బిడ్డను ఎత్తుకోవడానికి మగ్గం ఆపిందెవరో, ఆసు ఆపిందెవరో ఏ కథా రాయలేదు.

నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు వస్తే ఇల్లే ఊరు దాటి వెళ్లిపోతుంది. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని ఆలుమగలు జంటగా వలసపోయే పాలమూరు లేబర్ దేశమంతటా ఆనకట్టలు కట్టింది. చంటిపిల్లలు వెంట వెళ్తారు, కాస్త పెద్దవాళ్లు ఊళ్లో అవ్వ దగ్గర ఉంటారు. ఈ కూలీల కోసం వచ్చిన చట్టాలు పిల్లల్ని ఎట్లా చూశాయో గమనించండి. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం శిశుసదనం పెట్టాలంది, ఆడకూలీలు యాభైమందికి మించి ఉంటేనే. మగకూలీలు ఎందరున్నా లెక్కలోకి రాలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం మొదటి విడతలోనే ఈ రెండు జిల్లాలకూ వచ్చింది. ఆడకూలీల వెంట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకన్నా ఎక్కువో ఉంటే, ఆ ఆడవాళ్లలోనే ఒకరిని పిల్లల దగ్గర పెట్టి కూలి ఇవ్వాలంది. పిల్లల్ని చూడడం కూలి ఇవ్వదగ్గ పని అని ఒప్పుకున్నందుకు ఆ నిబంధన గొప్పదే. కానీ ఆ వాక్యంలో పిల్లలు "ఆడవాళ్ల వెంట" మాత్రమే వచ్చారు. తండ్రి వెంట వచ్చిన బిడ్డ ఆ చట్టానికి కనిపించలేదు. జ్ఞాపకాల రచనలో ఉన్న ఖాళీయే ఆ చట్టాల్లోనూ ఉండింది.

నిజానికి పని స్థలంలో గుడిసె ముందు బిడ్డను ఒళ్లో వేసుకొని బువ్వ తినిపించే మగకూలీ అరుదేమీ కాదు. జంట కూలిలో ఒకరు పడిపోతే ఇద్దరి కూలీ పోతుంది కనుక అవసరం అతనికి ఆ పని నేర్పింది. అతనికీ ఆశలుంటాయి. అడ్వాన్సు తీర్చడం, రెండెకరాల చెల్కలో బోరు వేయడం. వాటిని మనం లక్ష్యాలనం, బతుకుతెరువంటాం. పట్నంలో జీతమొచ్చే తండ్రి బిడ్డకు ఒకపూట అన్నం తినిపిస్తే ఆదివారం అనుబంధంలో వ్యాసమవుతుంది. పాలమూరు తండ్రి చేస్తే పేదరికమవుతుంది. పెంపకంలో పాలుపంచుకునే తండ్రి మధ్యతరగతి కనిపెట్టిన కొత్త మనిషని అనుకోవడం ఈ చూపు వల్లనే. అదే సమయంలో, ఆ కూలీ తండ్రికి దండలు వేయడం కూడా తొందరపాటే. అదే గుడిసెలో పొయ్యి, నీళ్లు, ఇంకో కాన్పు ఆమెవే. అతను చేసింది చూడాలి, చేయనిది కూడా అదే పేజీలో రాయాలి.

1946 తరం దాదాపు వెళ్లిపోయింది. 2019లో తన జ్ఞాపకాలు పుస్తకంగా ఇచ్చిన మల్లు స్వరాజ్యం కూడా 2022లో వెళ్లిపోయారు. ఆ తరం మగవాళ్లను అడగాల్సింది ఇక అడగలేం. ఆసు కొయ్యల కాలంలో తండ్రులైన చేనేత మగవాళ్లు, ఆనకట్టల దగ్గర పిల్లల్ని పెంచిన పాలమూరు మగవాళ్లు ఇంకా ఉన్నారు. మౌఖిక చరిత్రలు సేకరించే మన విద్యార్థినులు ఆడవాళ్ల దగ్గర కూర్చున్నాక, అరుగు మీద ఉన్న ఆ ముసలాయన దగ్గరా కూర్చోవాలి. ఆయన సాధించిందేమిటో ఎట్లాగూ చెబుతాడు. ఆ ఏళ్లలో పిల్లలకు నీళ్లెవరు పోశారో, ఆయన పోసిన రోజులెన్నో అడగాలి. తెలియదంటే ఆ జవాబునూ రాసుకోవాలి. సభల్లో మగ రచయితలను కూడా మనమే ఆ పాత ప్రశ్న అడగడం మొదలుపెట్టాలి, నవ్వకుండా.