పగడపు బండలో సముద్రపు చరిత్ర

ఉపగ్రహాలు సముద్రపు వేడిని ఎడతెగకుండా కొలవడం మొదలుపెట్టి ఇంకా యాభై ఏళ్లు నిండలేదు. అంతకుముందు ఓడలవాళ్లు బకెట్లతో నీళ్లు తోడి రాసుకున్నలాంటి లెక్కలే ప్రధాన ఆధారం. ఓడలు తిరగని చోట అవీ లేవు. అయినా 1675లో సుమత్రా పడమటి తీరాన సముద్రం అసాధారణంగా చల్లబడిందని ఇవాళ శాస్త్రజ్ఞులు చెప్పగలుగుతున్నారు. ఆ సంగతి వాళ్లకు పగడాల వల్ల తెలిసింది.

ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం కాదిది. వెచ్చని లోతులేని నీళ్లలో పెద్ద గుండ్రాళ్లలా పెరిగే పోరైటిస్ జాతి పగడం. పైనున్న పలుచని పొరలోనే ప్రాణం ఉంటుంది. లోపలిదంతా ఆ జీవులు కట్టుకుంటూ కింద వదిలేసిన సున్నపు అస్థిపంజరం. అది ఏడాదికి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. అంటే నాలుగు మీటర్ల బండలో దాదాపు నాలుగు శతాబ్దాలు ఉన్నట్టు.

ఎక్స్‌రే తీస్తే చెట్టు మానులో వలయాల్లా లేత, ముదురు పట్టీలు కనిపిస్తాయి. జతకో ఏడాది అని రుజువైంది మాత్రం ఒక విషాదభూమిలో. పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవుల్లో అమెరికా అణుపరీక్షలు జరిపింది. వాటి రేడియోధార్మికత అక్కడి పగడాల్లో గుర్తులు వదిలింది. పరీక్షల సంవత్సరాలతో పట్టీలను సరిపోల్చి చూస్తే లెక్క కుదిరింది. ఆ ఫలితం 1972లో వెలువడింది.

పని నీటి అడుగున మొదలవుతుంది. ఈతగాళ్లు డ్రిల్లుతో బండలోంచి సన్నని స్తంభంలాంటి ముక్క తీసి, జీవమున్న పొర మళ్లీ పైన అల్లుకునేలా ఆ రంధ్రాన్ని మూసేస్తారు. ప్రయోగశాలలో ఆ ముక్కను పలకలుగా కోసి, పెరుగుదల దిశ వెంట మిల్లీమీటరుకో, అంతకన్నా తక్కువకో చిటికెడు పొడి గీరుతారు. ఒక్క ఏడాదికే పది పన్నెండు నమూనాలు వస్తాయి.

అసలు కిటుకు ఆ పొడిలో ఉంది. నీరు వెచ్చబడితే పగడపు సున్నంలో బరువైన ఆక్సిజన్ పాలు తగ్గుతుంది. డిగ్రీకి వెయ్యింట సుమారు 0.2 వంతు. కానీ వాన కురిసినా, నీరు ఆవిరైనా ఆ పాలు మారుతుంది కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మితే వానను వేడిగా పొరబడే ప్రమాదముంది. అందుకే స్ట్రాన్షియాన్ని కూడా కొలుస్తారు. కాల్షియంతో పోలిస్తే దాని వాటా నీరు వెచ్చబడేకొద్దీ తగ్గుతుంది, వానకు పెద్దగా చలించదు. స్ట్రాన్షియంతో వేడిని లెక్కకట్టి, ఆక్సిజన్ లెక్కలోంచి దాన్ని తీసేస్తే, మిగిలింది నీటి ఉప్పదనం, వానల కథ. డిగ్రీ మార్పుకు స్ట్రాన్షియం వాటాలో తేడా ఒక శాతం కూడా ఉండదు. పైగా పక్కపక్కనే ఉన్న రెండు పగడాలు కాస్త వేర్వేరు అంకెలు చూపవచ్చు. అందుకే ఒకే బండను నమ్ముకోకుండా, పలు బండలను ఇటీవలి కొలతలతో సరిచూసుకుంటారు. ఈ విద్యకు విలువ తెచ్చింది ఈ ఓపికే.

నేల సంగతులు కూడా పగడానికి తెలుసు. ఆస్ట్రేలియాలో బర్డెకిన్ నది వరద చేరే చోటి పగడాల్లో 1870 తర్వాత బేరియం పెరిగింది. మట్టి రేణువులను అంటుకుని వచ్చే లోహమది. యూరప్ వలసదారుల పశువుల మందలు నేలను తొక్కి బీడు చేయడంతో సముద్రంలోకి కొట్టుకొచ్చిన మట్టి అయిదు నుంచి పది రెట్లు పెరిగిందని అంచనా.

మన వానలకూ ఈ శాస్త్రంతో చుట్టరికం ఉంది. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు లక్షద్వీప్ పగడాల్లో నైరుతి రుతుపవనాల వేళ సముద్రం చల్లబడిన జాడలు గుర్తించారు. హిందూ మహాసముద్రంలో తూర్పు చల్లబడి పడమర వేడెక్కే పరిస్థితిని ధన ద్విధ్రువం అంటారు. మన వానలపై దాని ప్రభావం ఉంటుంది. సుమత్రా పగడాలతో 2020లో శాస్త్రజ్ఞురాలు నెరిలీ ఏబ్రమ్ బృందం ప్రచురించిన పరిశోధనలో, 1240 నుంచి 2019 వరకు అక్కడక్కడ ఖాళీలున్న రికార్డులో, తీవ్రమైన ఘటనలు పదే తేలాయి. వాటిలో నాలుగు గత 60 ఏళ్లలోనివే. వాటిలో చివరిది 2019 నాటిది. ఆ ఏడు మన దేశంలో రుతుపవన వర్షం సగటును పది శాతం మించింది.

నీరు వేడెక్కి 1998, 2010, 2016, 2024లలో లక్షద్వీప్ పగడాలు తెల్లబారాయి. అలా తెల్లబారి బండ చచ్చిపోతే దాని రాత అక్కడితో ఆగిపోతుంది, పురుగులు, అలలు మిగిలినదాన్ని తొలిచేస్తాయి. లక్షద్వీప్, అండమాన్‌లలో మిగిలిన పెద్ద బండల నుంచి నమూనాలు తీసి భద్రపరిచే పనికి ప్రభుత్వం ఇప్పుడే డబ్బు కేటాయించాలి.