కానియా తర్వాత వచ్చిన కలం

1951 నవంబరు 6న సుప్రీంకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి హరిలాల్ కానియా పదవిలో ఉండగానే కన్నుమూశారు. కోర్టు పుట్టి రెండేళ్లయినా నిండలేదు. తర్వాత ఎవరనేదానికి ఆనవాయితీ అంటూ ఏదీ ఏర్పడలేదు. సీనియారిటీలో ముందున్నది మద్రాసు నుంచి వెళ్లిన పతంజలి శాస్త్రి. నెహ్రూకు ఆయన మీద పెద్దగా మొగ్గు లేదనీ, ఆయన్ను పక్కనబెడితే రాజీనామాలిస్తామని తోటి న్యాయమూర్తులు పట్టుబట్టారనీ ఆ కాలం గురించి రాసినవాళ్లు చెబుతారు. మర్నాడే శాస్త్రిగారు బాధ్యతలు తీసుకున్నారు.

వరసలో వచ్చిన ఆ మనిషి పనితనం ఏపాటిదో తెలియాలంటే 1952 మార్చి 31న వెలువడిన వి.జి. రావ్ కేసు తీర్పు చదవాలి.

ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న రోజులవి. పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ అనే సంఘాన్ని 1950 మార్చిలో ప్రభుత్వం చట్టవిరుద్ధమని ప్రకటించింది. దాని కార్యదర్శి రావ్ హైకోర్టుకెక్కారు. తెలుగు నాటకాలు రాసిన మన పి.వి. రాజమన్నారే అప్పుడక్కడ ప్రధాన న్యాయమూర్తి. అలా ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చిన నిబంధన చెల్లదని ఆయన నేతృత్వంలోని ఫుల్ బెంచి అంది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.

శాస్త్రిగారు మొదట తన హద్దు తాను గీసుకుంటారు. చట్టసభలతో కయ్యానికి కాదు, రాజ్యాంగం అప్పగించిన పని కనుక చేస్తున్నాం అంటారు. ప్రాథమిక హక్కుల విషయంలో కోర్టుది కాపలాదారు పాత్ర అని స్పష్టం చేస్తారు. ఇక అసలు నేర్పంతా హక్కు మీద పెట్టిన ఆంక్ష ‘సహేతుకం’ అవునా కాదా అని తూచే చోట ఉంది. అన్ని కేసులకూ సరిపోయే కొలబద్ద ఒకటి లేదని ఒప్పుకుంటూనే ఏమేం చూడాలో ఒక్క వాక్యంలో కూరుస్తారు: దెబ్బతిన్న హక్కు ఎలాంటిది, ఆంక్ష ఎందుకు పెట్టారు, ఆపదలచిన కీడు ఎంతటిది, ఎంత ముంచుకొచ్చింది, ఆంక్ష దానికి మించిపోయిందా, అప్పటి పరిస్థితులేమిటి. వెంటనే మరో మెట్టు ఎక్కుతారు. ఈ తూకంలో న్యాయమూర్తి సొంత నమ్మకాలూ కలుస్తాయంటారు. రాజ్యాంగం తనలా ఆలోచించేవాళ్లకే కాదు, అందరికీ అన్న ఎరుకే ఆయన్ను అదుపులో ఉంచాలంటారు. తన చేతి వణుకును కూడా లెక్కలో వేసుకున్న ఈ చోటే నాకు తీర్పంతటిలోకీ గొప్పగా తోస్తుంది.

దారిలో ఒక చిక్కుంది. 1950లో ఖరే కేసులో ఒక వ్యక్తిని ఊరు విడిచి వెళ్లమనే చట్టాన్ని కోర్టు సమర్థించింది. ఆ తీర్పు రాసింది కానియానే. ప్రభుత్వం దాన్నే పట్టుకుంది. శాస్త్రిగారు కానియా మాటను కొట్టిపారేయలేదు, దాని పరిధిని గుర్తుచేశారు. మనిషిని పంపించివేయడం రేపేం చేస్తాడోనన్న అనుమానం మీద ఆధారపడింది. సంఘాన్ని నిషేధించే కారణాలు జరిగిపోయిన వాస్తవాలు, వాటిని కోర్టులో తేల్చవచ్చు. ఖరే కేసులో విభేదించిన మహాజన్, ముఖర్జీ కూడా ఈ ధర్మాసనంలో ఉన్నారు. అయిదుగురూ ఒక్క మాట మీద నిలిచారు.

ఆ తర్వాత చట్టాన్ని దగ్గరగా పట్టి చూస్తారు. ప్రకటన సభ్యుల చేతికి అందించే ఏర్పాటు లేదు. ఆఫీసు గోడకు అంటించమనలేదు. సంఘం ఉన్న చోట చాటింపు వేయించమనలేదు. ఉన్నదల్లా గెజిట్. గెజిట్ ఎందరి కంటబడుతుంది? వాళ్లకు తెలిసేలోపు మొర పెట్టుకునే గడువు దాటిపోవచ్చు, సభ్యత్వం మాత్రం నేరమైపోతుంది. ప్రకటనను పరిశీలించే సలహా మండలి ఉంది కదా అంటే, అది ఒకవైపు మాటే వినే పరిశీలన అని తేల్చారు. అలాంటి ఏర్పాటు బహు అరుదైన పరిస్థితుల్లో తప్ప సహేతుకం కాదన్నారు. సెక్షన్‌ను కొట్టేశారు.

భిలాయిలో ఉండేవాళ్లం ఈ తీర్పును పాత కాగితంగా చూడలేం. ఛత్తీస్‌గఢ్ 2005లో చేసిన ప్రత్యేక ప్రజా భద్రతా చట్టం కూడా సంఘాలను చట్టవిరుద్ధమని ప్రకటించే అధికారం ప్రభుత్వానికిస్తుంది. అందులోనూ సలహా మండలి ఉంది. మన ఉక్కు ప్లాంటుకు ఇనుప ఖనిజం పంపే దల్లీ-రాజహరాలో గని కార్మికుల మధ్య వైద్యం చేసిన డాక్టర్ బినాయక్ సేన్‌ను 2007 మేలో ఆ చట్టం కిందే అరెస్టు చేశారు. దుర్గ్ కోర్టుల్లో కొత్తగా నల్లకోటు వేసుకుంటున్న మన పిల్లలకు నేను చెప్పేది ఒకటే. వి.జి. రావ్ తీర్పు సారాంశాలతో సరిపెట్టుకోవద్దు, గెజిట్ గురించిన ఆ పేరా మొదలు చివరిదాకా అసలు ప్రతే చదవండి.