దూరం తొక్కేవాళ్ల పనితనం

వంద కిలోమీటర్లు ఒంట్లో సత్తువ ఉంటే ఎవరైనా తొక్కేస్తారు. ఆరువందలు తొక్కడానికి సత్తువ చాలదు, పనితనం కావాలి. ఈ సంగతి చెప్పేవాళ్లు లేకే ఎంతోమంది కుర్రాళ్లు అప్పుచేసి ఖరీదైన సైకిలు కొని, మోకాళ్ల నొప్పులతో నెల తిరక్కముందే మూలన పడేస్తున్నారు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

మాది మగ్గాల మీద బతికే ప్రాంతం. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి సూరత్ చేరిన పద్మశాలి కుటుంబాలు నవాగామ్, డిండోలి, లింబాయత్, ఉధనా చుట్టూ తరాలుగా ఉంటున్నాయి. పవర్‌లూమ్ కార్ఖానాలో రాత్రి పాళీ చేసే మనిషికి సైకిలు కొత్త కాదు, నిద్ర ఆపుకోవడం అంతకన్నా కొత్త కాదు. పన్నెండు గంటలు మగ్గాల మధ్య తిరుగుతూ, తెల్లవారుజామున కళ్లు మూతలు పడుతున్నా తెగిన పోగును కనిపెట్టి ముడి వేస్తాడు. దూరం తొక్కేవాడికి కావలసిన మొదటి విద్య అదే. ఇది డబ్బున్నవాళ్ల ఆట అని ఎవరైనా అంటే అందుకే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ విద్యకు పుట్టిల్లు ఫ్రాన్స్ అంటారు. 1891లో పారిస్ నుంచి సముద్రతీరాన ఉన్న బ్రెస్ట్ దాకా వెళ్లి మళ్లీ పారిస్ చేరే 1,200 కిలోమీటర్ల పందెం పెట్టారు. గాలి టైర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. షార్ల్ టెరాం అనే మొనగాడు నిద్రన్నది లేకుండా 71 గంటల చిల్లరలో ఆ దూరం ముగించాడని చెప్పుకుంటారు. ఇప్పుడది పందెం కాదు. నాలుగేళ్లకోసారి 90 గంటల గడువుతో జరుగుతుంది. ఆడాక్స్ క్లబ్ పారిసియన్ పెట్టిన నియమాలతోనే మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండన్యూర్స్ గొడుగు కింద ఊరూరా బ్రెవేలనే గడువు సవారీలు నడుస్తున్నాయి. తెలుగువాళ్లకు హైదరాబాద్ రాండన్యూర్స్ ఉండనే ఉంది.

నియమం చాలా సాదాగా ఉంటుంది. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. నాలుగూ ఒకే సీజన్‌లో ముగించినవాళ్లను సూపర్ రాండన్యూర్ అంటారు. చేతికో కార్డు ఇస్తారు, దారిలో చెప్పిన చోటల్లా ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేసే మనిషి లేని చోట పెట్రోలు బంకులోనో హోటల్లోనో టైము పడిన బిల్లు తెచ్చుకోవాలి. దారి మధ్యలో వెంట కారు రాకూడదు. మొదటి స్థానం, రెండో స్థానం ఉండవు. గడువులో వచ్చినవాళ్లంతా సమానమే. ఆ సమానత్వం చూసే నేను ఈ పద్ధతికి దాసోహమయ్యాను.

లెక్క వేసి చూడండి. ఈ గడువులకు కావలసింది గంటకు దాదాపు 15 కిలోమీటర్లు, అంటే పాల క్యాను కట్టుకున్న మనిషి కూడా తొక్కే వేగమే. కష్టం వేగంలో లేదు, ఆగడంలో ఉంది. గంటకు 20 చొప్పున తొక్కితే 600 కిలోమీటర్లకు 30 గంటలు పడుతుంది. మిగిలిన 10 గంటల్లోనే తిండి, ముద్రలు, పంక్చర్లు, నిద్ర అన్నీ ఇమడాలి. చాయ్ కోసం ఆగి ఫోను తీసి అరగంట కూర్చున్నవాడు రాత్రి నిద్రలోంచి ఆ అరగంట కోసుకోవాల్సిందే. చేయి తిరిగినవాళ్లను గమనించండి. హోటలు ముందు సైకిలు ఆనించేలోపే ఏం చెప్పాలో తేల్చుకుంటారు. వడ్డించేలోపు సీసాలు నింపుకుంటారు, చెయిన్‌కు నూనె చుక్కలు వేసుకుంటారు, కార్డు మీద ముద్ర వేయించుకుంటారు. ఒక్క కదలిక వృథా పోదు. చూడ్డానికి ఎంత బాగుంటుందో!

సైకిలు స్టీలుదా, అల్యూమినియందా, కార్బన్‌దా అన్న వాదనలో నేను దిగను. స్టీలు మంచిది. విరిగితే ఏ వెల్డింగు షాపులోనైనా అతుకుతుంది. అంతే.

చక్రం సంగతి అలా ఒక్క మాటతో తేల్చేది కాదు. దూరం తొక్కేవాడి ప్రాణం చక్రంలో ఉంటుంది. వెనక చక్రంలో ఫ్రీవీల్ ఉన్న వైపు స్పోకులు రెండోవైపు కంటే బిగువుగా ఉండాలి. ఫ్రీవీలుకు చోటివ్వడానికి ఆ వైపు స్పోకులు దాదాపు నిలువుగా దిగుతాయి, అందుకే లాగుడు ఎక్కువగా వాటి మీద పడుతుంది. స్పోకు తెగేది ఎక్కువగా అక్కడే. పాతకాలం మిస్త్రీ రిమ్ము బెండు తీస్తుంటే పక్కన నిలబడి చూడాలి. సైకిలు తలకిందులు చేస్తాడు. ఫోర్కుకు ఆనించి సుద్దముక్క పట్టుకుని చక్రం తిప్పుతాడు. రిమ్ము ఎటు ఒరిగిందో అక్కడ సుద్ద గీత పడుతుంది. ఆ గీతకు ఎదురువైపు నిపుల్ పావు తిప్పు బిగిస్తాడు, గీత వైపుది పావు తిప్పు వదులుతాడు. అంతకు మించి తిప్పడు. మళ్లీ చక్రం తిప్పుతాడు. గీత పొట్టిదవుతుంది. తరువాత గోటితో స్పోకులు ఒక్కొక్కటే మీటుతాడు. మొద్దుగా మోగిన దాని దగ్గర ఆగుతాడు. చివరికి జంట స్పోకులను గుప్పిట్లో పట్టి గట్టిగా నొక్కుతూ చక్రమంతా తిరిగి వస్తాడు. ఆ నొక్కుడు వల్ల తీగలో దాగిన బిగుతు సర్దుకుని చక్రం ఏళ్లకేళ్లు నిలుస్తుందని అమెరికా ఇంజనీరు జాబ్స్ట్ బ్రాంట్ 1981లో ‘ది బైసికిల్ వీల్’ అనే పుస్తకంలో రాశాడు. ఆ పుస్తకం పేరు కూడా వినని మా మిస్త్రీలు అదే పని చేస్తూ వచ్చారు. ఇలాంటి చేతుల్లోంచి వచ్చిన చక్రం మీద రాత్రి గుంటలో పడినా గుండె ఝల్లుమనదు.

సామాను కట్టుకోవడం రెండో విద్య. వెనక క్యారియర్ మీద గోతాం కట్టినట్టు అంతా ఒకేచోట పెడితే ఎక్కుడులో సైకిలు వెనక్కి లాగుతుంది, దిగుడులో ఊగుతుంది. బరువైనవి, అంటే పనిముట్లు, ట్యూబులు, పంపు, తిండి, ఫ్రేము మధ్యలో కిందికి ఉండాలి. బట్టలు, దుప్పటి లాంటి తేలికవి చుట్టచుట్టి హ్యాండిలుకు కట్టాలి, బ్రేకు తీగలు నలగకుండా. సీటు కింది సంచీ గట్టిగా బిగించకపోతే రోజంతా తోకలా ఊగి నడుము విరుస్తుంది. ఈ సంచులు విదేశీవి వేలల్లో అమ్ముతున్నారు. సూరత్‌లో ఉంటూ గుడ్డ సంచీ బయటి నుంచి తెప్పించుకోవడమేమిటి? పూత వేసిన పాలిస్టరు గుడ్డ మన మార్కెట్లోనే ఉంది. ఫ్రేము మీద అట్టముక్క పెట్టి గీసుకుని కొలత తీస్తే, బడి సంచులు కుట్టే దర్జీ చక్కగా కుట్టి ఇస్తాడు. అంచు రెండు మడతలు వేయాలి, నివారు పట్టీ అతికే చోట అడ్డంగా నాలుగు వరసల కుట్టు పడాలి. అలా కుట్టించుకున్న సంచీతో సోన్‌గఢ్ దాటి సాపుతారా కొండ ఎక్కి వచ్చినవాళ్లను నేనెరుగుదును. సుమారు 1,000 మీటర్ల ఎత్తు అది. ఒక్క కుట్టు ఊడలేదు.

ఇక కాళ్లు. ఉక్కిరిబిక్కిరై తొక్కే పెద్ద గేరు మోకాళ్లను తినేస్తుంది. చిన్న గేరులో తేలిగ్గా, నిమిషానికి 80 తిప్పుళ్ల దాకా తిప్పడం అలవాటు చేసుకోవాలి. సీటు ఎత్తు తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాచుకోవాలి, నడుము పక్కకు వాలకూడదు. టైరు కాస్త వెడల్పుదై, గాలి రాయిలా కాకుండా కొంచెం తక్కువగా ఉంటే అరచేతులు బతుకుతాయి.

తిండి విషయంలో మన అమ్మలు కట్టిచ్చే సద్దిని మించింది లేదు. ఆకలేశాక తింటే అప్పటికే ఆలస్యమైనట్టు. గంట గంటకూ నోట్లో ఏదో ఒకటి పడాలి. రెండు అరటిపళ్లో, పల్లీపట్టీయో, చింతపండు పులిహోరో. సర్వపిండి ముక్కలు ఒక పూటంతా చెడవు, సకినాలు వారాలు నిలుస్తాయి. గుజరాతీ ఇరుగుపొరుగు ఇచ్చే థేప్లా కూడా బంగారమే. వట్టి నీళ్లు మాత్రం కడుపునిండా తాగకండి, ఉప్పు చేరాలి. ఓఆర్ఎస్ పొట్లం జేబులో ఉంచుకోవాలి.

రాత్రి మూడు నుంచి అయిదు దాకా గడ్డుకాలం. కునికిపాటు వచ్చిందంటే పంతం పట్టకుండా దిగిపోవాలి. ధాబా మంచం మీద, బస్సు షెల్టరులో, ఏటీఎం గదిలో అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు పడుకున్నవాడు కొత్త మనిషై లేస్తాడు. మొండిగా తొక్కినవాడు లారీ కింద పడతాడు. దీపాల దగ్గర పొదుపు వద్దు. ముందు చక్రం ఇరుసులో ఇమిడే డైనమో ఉంటే ఛార్జింగు బెంగే ఉండదు. రాత్రంతా తన కాళ్లే తనకు వెలుగిస్తాయి.

మహానుభావుల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయల్దేరారు. ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తం భూమ్‌గరా అనే ముగ్గురు 1928లో తిరిగొచ్చారు, రమారమి 71,000 కిలోమీటర్లు తొక్కి. గేర్లు లేవు, జీపీఎస్ లేదు, ఎడారులు దాటారు. మనకు పక్కనే ఉన్న నవసారి పార్సీల పాత ఊరు. ఆ ముగ్గురి బొమ్మలు ఇక్కడి ప్రతి బడిలో ఉండాలి! 2019లో జర్మనీ డాక్టరు ఫియోనా కోల్బింగర్ బల్గేరియా నుంచి ఫ్రాన్స్ దాకా సాగే ట్రాన్స్‌కాంటినెంటల్ రేసులో మగవాళ్లందరినీ వెనకేసి మొదట చేరింది. సుమారు 4,000 కిలోమీటర్లు, 10 రోజుల చిల్లర. సాయం చేసే మనిషి లేడు, కారు లేదు. 2017లో మన సైనిక వైద్యుడు శ్రీనివాస్ గోకుల్‌నాథ్, నాగపూర్ డాక్టరు అమిత్ సమర్థ్ అమెరికాను ఈ చివర నుంచి ఆ చివరకు దాటే రేస్ అక్రాస్ అమెరికాను ఒంటరి విభాగంలో 12 రోజుల గడువులోపే ముగించారు. వాళ్లకు నమస్కారం. అయితే అక్కడ వెంట బండి, వంటవాడు, మర్దనా చేసేవాడు ఉంటారు. నా ఓటు ఎప్పటికీ తన సంచీ తాను మోసుకునేవాడికే.

అలాంటి విద్యను ఇప్పుడు ఏం చేస్తున్నారో చూడండి. వెనక కారు పెట్టుకుని, ముందు కెమెరా పెట్టుకుని, నాలుగు కిలోమీటర్లకోసారి రీలు తీస్తూ కశ్మీరు నుంచి కన్యాకుమారి ‘ఒంటరి యాత్ర’ అని ప్రచారం చేసుకుంటున్నారు. ముద్ర పడే చోట్ల మాత్రం సైకిలు దించి, మధ్యలో కారులో ఎక్కించుకునేవాళ్లూ లేకపోలేదు. ఇది దొంగతనం. రాత్రంతా చలిలో తొక్కి గడువుకు అయిదు నిమిషాల ముందు చేరిన గుమాస్తా చెమటను దొంగిలించడం.

సైకిళ్ల సంగతి ఇంకా ఘోరం. ‘గేరు సైకిలు’ అని పిల్లలకు అంటగడుతున్న ఆ బరువు డొక్కుల్లో స్ప్రింగు ఫోర్కు బొమ్మకే, డిస్కు బ్రేకు శబ్దానికే. నట్టు ఒకసారి విప్పితే మర పోతుంది, రెండో వానకు బేరింగు తుప్పు పడుతుంది. తండ్రి నెల జీతం పోసి కొన్న సైకిలు ఏడాదికి పాత ఇనుములోకి వెళ్తుంది. మరోవైపు తరాలను మోసిన అట్లాస్ సైకిళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. అదే రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం. ఆ వార్త చదివి నేను అన్నం ముద్ద దించలేకపోయాను.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలారు పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు 2023లో వేశారు. సంతోషమే. కానీ దూరం వెళ్లేవాడికి కావలసింది హైవే అంచున మీటరున్నర శుభ్రమైన చోటు. అక్కడ లారీలు నిలుపుతున్నారు, కంకర పోస్తున్నారు, ఎదురుగా బైకులు తోలుతున్నారు. ట్రాన్స్‌కాంటినెంటల్ రేసును మొదలుపెట్టిన మైక్ హాల్ అంతటివాడు 2017లో ఆస్ట్రేలియా రోడ్డు మీద కారు గుద్ది పోయాడు. మన రోడ్ల మీద పోతున్న పేరులేని సైకిలు కూలీల కోసం ఎవరు అడుగుతున్నారు?

బ్రెవేలు నడిపే క్లబ్బులకు నాదొక విన్నపం. బయల్దేరే చోటు ఎప్పుడూ ధనవంతుల పేటలే ఎందుకు? ఒక్కసారి నవాగామ్ నుంచి బార్డోలి, వ్యారా మీదుగా 200 పెట్టండి. కార్ఖానా సెలవు రోజు చూసి పెట్టండి. రుసుము తగ్గించండి, మామూలు నల్ల సైకిలుతో వచ్చేవాణ్ని పక్కకు నెట్టకండి. మా కుర్రాళ్లు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఊరెళ్లే దూరాన్ని సైకిలు మీద తొక్కగలరని నా గట్టి నమ్మకం. ధూలే, ఔరంగాబాద్, నాందేడ్, నిజామాబాద్ మీదుగా కరీంనగర్‌కు రమారమి 900 కిలోమీటర్లు. దసరాకు పోవచ్చు.

నవంబరులో కొత్త సీజను మొదలవుతుంది. మీ సైకిలును మెరిసే షోరూముకు తీసుకెళ్లకండి. స్పోకు మీటి చెప్పగల ముసలాయన మీ పేటలో ఇంకా ఒకరుంటారు. ఆయన దగ్గరకు వెళ్లండి, మీ పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టి ఆ పని చూపించండి. ఆయన ఎంత అడిగితే అంత ఇవ్వండి, బేరమాడకండి.